‘వీ లైక్ ఇట్ హియర్’: పదేళ్లుగా వింటున్న ఒక స్టూడియో కచేరి

స్నార్కీ పప్పీ బృందం వాయించిన ‘వీ లైక్ ఇట్ హియర్’ ఆల్బమ్ 2015 వేసవిలో నా చేతికి వచ్చింది. అప్పటి నుంచి దాన్ని ఎన్నిసార్లు విన్నానో లెక్క పెట్టుకోలేదు గానీ, మొదటి స్వరం నుంచి చివరి చప్పట్ల దాకా ఒక్కసారైనా ఆపకుండా వినని నెలలు బహు తక్కువ. కొత్తలో చవకరకం ఇయర్‌ఫోన్లతో సిటీ బస్సులో విన్నాను; తరువాత చెవులను పూర్తిగా కప్పే హెడ్‌ఫోన్లు కొనుక్కుని రాత్రిళ్లు దీపం ఆర్పేసి విన్నాను; నాలుగేళ్లుగా ఇంట్లో రెండు స్పీకర్ల ముందు కుర్చీ వేసుకుని వింటున్నాను. ఇన్ని రకాలుగా విన్నందువల్ల నా అభిప్రాయాలు కొన్ని బలపడ్డాయి, కొన్ని పూర్తిగా మారిపోయాయి. ఆ మార్పు ఎలా జరిగిందో రాయడానికే ఈ సమీక్ష.

ముందుగా బృందం గురించి నాలుగు మాటలు చెప్పాలి. అమెరికాలోని టెక్సస్ రాష్ట్రంలో డెంటన్ అనే ఊళ్లో, నార్త్ టెక్సస్ విశ్వవిద్యాలయంలో సంగీతం చదువుకుంటున్న కొందరు విద్యార్థులను కూడగట్టి మైకేల్ లీగ్ అనే బేస్ గిటార్ కళాకారుడు 2004లో ఈ బృందాన్ని మొదలుపెట్టాడు. తొలి రోజుల్లో వాళ్లది చదువుకున్న జాజ్ వాసన బాగా ఉన్న సంగీతం. ఆ తరువాత దగ్గర్లోని డల్లాస్ నగరంలో నల్లజాతి చర్చిల్లో గాస్పెల్ అనే భక్తి సంగీతం వాయించే కళాకారులతో, ముఖ్యంగా బెర్నార్డ్ రైట్ వంటి పెద్ద కీబోర్డు విద్వాంసుడితో ఏర్పడిన సావాసం వాళ్లు వాయించే తీరునే మార్చింది. దుకాణాల్లో ఈ ఆల్బమ్‌ను జాజ్ అరలో పెడతారు గానీ, దీని నడక లయే ప్రాణమైన నృత్యసంగీతం ఫంక్‌ది, దీని గుండె చర్చిలో పెరిగిన గాన సంప్రదాయం సోల్‌ది అని నా నమ్మకం. కాలు దానంతట అదే ఆడుతుంది. ఆడకుండా కూర్చోవడానికే ప్రయత్నం కావాలి.

ఈ ఆల్బమ్ ప్రత్యేకత అంతా అది తయారైన పద్ధతిలో ఉంది. 2013 అక్టోబరులో నెదర్లాండ్స్ దేశంలోని ఉట్రెక్ట్ నగరంలో, కైట్‌మన్ అనే డచ్చి సంగీతకారుడు స్థాపించిన కైటోపియా స్టూడియోలో దీన్ని రికార్డు చేశారు. 2014 ఫిబ్రవరిలో రోపడోప్ సంస్థ విడుదల చేసింది. స్టూడియోలో రికార్డు చేశారంటే ఒక్కొక్క వాద్యాన్నీ విడివిడిగా వాయించి తరువాత అతికించారని కాదు. బృందమంతా ఒకే గదిలో, ఒకే సమయంలో వాయించింది. వాళ్ల మధ్యనే, వాద్యాలకు చేయి చాపితే అందేంత దూరంలో శ్రోతలు కూర్చున్నారు. ప్రతి శ్రోత చెవులకూ హెడ్‌ఫోన్లు ఉన్నాయి.

మన పాఠకులకు ఇది వెంటనే అర్థమయ్యే విషయమే. ఆకాశవాణి కచేరీలను ‘ఆహూతుల సమక్షంలో’ ఏర్పాటు చేసినట్టు ప్రకటించడం రేడియో విన్న తరాలకు బాగా గుర్తు. స్టూడియోలోని శుభ్రమైన శబ్దమూ కావాలి, ఎదురుగా మనుషులు కూర్చుంటే కళాకారుడిలో పుట్టే ఉత్సాహమూ కావాలి అన్న కోరిక అక్కడిదీ ఇక్కడిదీ ఒకటే. తేడా అంతా హెడ్‌ఫోన్లలోనే ఉంది. మామూలు సభలో జనానికి వినిపించడానికి పెద్ద లౌడ్‌స్పీకర్లు పెడతారు. ఆ స్పీకర్ల మోత మళ్లీ ప్రతి మైకులోనూ దూరుతుంది. డ్రమ్స్ దగ్గర పెట్టిన మైకులో గిటారు, బాకా దగ్గర పెట్టిన మైకులో కీబోర్డు కలిసిపోయి, తరువాత ఏ వాద్యాన్నీ విడిగా సరిచేయడానికి వీల్లేని ముద్ద తయారవుతుంది. శ్రోతలకు హెడ్‌ఫోన్లు ఇస్తే ఆ స్పీకర్ల అవసరమే ఉండదు. పైగా ఆ గదిలో కూర్చున్న మనిషి వినే శబ్దమూ, పదేళ్ల తరువాత నా ఇంట్లో నేను వినే శబ్దమూ దాదాపు ఒకటే అవుతాయి. ఆ శ్రోత హెడ్‌ఫోన్లు ఒక్క నిమిషం తీసేస్తే, నేరుగా గాలిలోకి మోగే డ్రమ్సూ బాకాలే ప్రధానంగా వినిపిస్తాయి. వైర్ల గుండా ప్రవహించే కీబోర్డుల సంగతి వేళ్ల కదలికలో చూడవలసిందే. సంగీతం పూర్తిగా ఉన్న చోటు హెడ్‌ఫోన్లలోనే. ఈ సంగతి తెలిసిన రోజు నుంచి నేను ఈ ఆల్బమ్‌ను వినే తీరే మారింది.

ఫంక్, సోల్ సంగీత చరిత్రలో స్టూడియోకి జనాన్ని తెచ్చే ప్రయత్నాలు కొత్త కాదు. శాక్సఫోన్ విద్వాంసుడు కానన్‌బాల్ ఆడర్లీ పేరిట వచ్చిన ‘మెర్సీ, మెర్సీ, మెర్సీ! లైవ్ ఎట్ ద క్లబ్’ ఆల్బమ్ అట్ట మీద షికాగోలోని ఒక క్లబ్బు పేరు ఉన్నా, దాన్ని నిజానికి 1966లో లాస్ ఏంజెలెస్‌లోని క్యాపిటల్ స్టూడియోలో, పిలిచి కూర్చోబెట్టిన అతిథుల ముందు రికార్డు చేశారు. ఆ అతిథుల కేకలు, నవ్వులు ఆ రికార్డులో సగం అందం. 1970లో వచ్చిన ఫంక్ గాయకుడు జేమ్స్ బ్రౌన్ ‘సెక్స్ మెషీన్’ జంట రికార్డు సంగతి వేరు. అందులో ఒక భాగం స్టూడియోలో వాయించినదే, దానికి చప్పట్లను తరువాత అతికించారు. వాద్యం అద్భుతంగా ఉన్నా, ఆ చప్పట్లు వినిపించినప్పుడల్లా నాకు మనసులో ఏదో కలుక్కుమంటుంది. ‘వీ లైక్ ఇట్ హియర్’లో దాపరికం లేదు. ప్రతి పాటకూ వీడియో ఉంది. ఎవరు ఎక్కడ నిలబడ్డారో, ఎవరు ఎప్పుడు ఎవరి వైపు చూశారో అన్నీ కనిపిస్తాయి. నేను ముందు వీడియోలు చూసి తరువాత ఆల్బమ్ కొన్నవాణ్ణి. చాలామంది వచ్చిన దారి అదే అయి ఉంటుంది.

ఆల్బమ్‌లో పాటలు ఎనిమిది, మొత్తం నిడివి గంటకు కొంచెం తక్కువ. ‘పాటలు’ అంటున్నాను గానీ సాహిత్యం లేదు, గాయకుడు లేడు. పన్నెండు మందికి పైగా వాద్యకారులు ఉన్నారు. బేస్ లీగ్ వాయిస్తాడు. మూడు గిటార్లు, నాలుగైదు కీబోర్డులు, ట్రంపెట్లు, శాక్సఫోన్, ఒక డ్రమ్ సెట్టు, వాటికి తోడు చేతితో వాయించే తాళవాద్యాలు. ఇంతమంది ఒకే గదిలో ఉండి, ఒకరి మీద ఒకరు పడకుండా వాయించడమే ఒక విద్య.

మొదటి పాట ‘షోఫుకాన్’. బాకాలు కలిసి ఎత్తుకునే ప్రధాన స్వరవాక్యం ఏ అమెరికన్ ఫంక్ రికార్డులోనూ విన్నట్టు ఉండదు. దానిలో పశ్చిమాసియా గాలి ఏదో వీస్తుంది. మొదటిసారి విన్నప్పుడు ఆ స్వరవాక్యమే నన్ను పట్టుకుంది. ఇప్పుడు అది నాకు తలుపు గడప వంటిది. దాటి లోపలికి వెళ్లడానికే ఉంది. లోపల నేను వినేది బేస్‌నూ, డ్రమ్స్‌లో కాలితో మోగించే కిక్‌నూ. ఆ రెండూ ఒకే చోట అడుగు వేసినప్పుడు పాట నేల మీద నిలబడుతుంది. అర అక్షరం ఎడంగా వేసినప్పుడు పాట ముందుకు తూలుతుంది. ఫంక్ వాయించేవాళ్లు మొదటి దెబ్బను ‘ద వన్’ అని ప్రత్యేకంగా పిలుచుకుంటారు. మన తాళంలో సమం ఎలాంటిదో వాళ్లకు అది అలాంటిది. ఆ దెబ్బ మీద అందరూ కలవాలి, మిగతా చోట్ల ఎవరి దారి వారు చూసుకోవచ్చు. ‘షోఫుకాన్’ నాకు ఆ సూత్రాన్ని పుస్తకం అక్కర లేకుండా నేర్పింది.

రెండోది ‘వాట్ అబౌట్ మీ?’ ఇందులో గిటారు తీసుకునే పరుగు పదునుగా ఉంటుంది. మార్క్ లెటియెరి ఒక్కడే ముందుకొచ్చి వాయించిన భాగంలో, అంటే సోలోలో, రాక్ సంగీతపు కండ ఉంది. కానీ ఈ పాట లార్నెల్ లూయిస్‌ది. టొరంటో నగరంలో చర్చి సంగీతంతో పెరిగిన ఈ డ్రమ్మరు ఈ రికార్డింగుకు ఆఖరి నిమిషంలో వచ్చి చేరాడు. విమానంలో కూర్చుని పాటలు విని నేర్చుకున్నానని తరువాత ఆయనే చెప్పాడు. ఆ సంగతి తెలియక ముందు కూడా ఈ పాట చివరి సోలో నాకు ఇష్టమే. తెలిశాక భయభక్తులు తోడయ్యాయి. బృందమంతా ఒక చిన్న వాక్యాన్ని పదేపదే వాయిస్తూ ఉంటే, ఆయన దాని మీద ముక్తాయింపులు కడుతూ పోతాడు. తని ఆవర్తనం విన్న చెవులకు ఇది పరిచయమైన సుఖమే. ఒక భేదం ఉంది. మన కచేరీలో తని సమయానికి మిగతావాళ్లు తాళం వేస్తూ ఆగుతారు. ఇక్కడ మిగతావాళ్లు ఆగరు, వాళ్లు వాయించే వాక్యమే తాళం. అందువల్ల డ్రమ్మరు ఎంత దూరం వెళ్లినా శ్రోతకు దారి తప్పదు. ఒక చోట లూయిస్ వేసే దెబ్బల వరుస సమానికి అవతల పడిందేమో అని ఏళ్లపాటు అనుమానించాను. నిదానంగా చేత్తో లెక్క వేస్తూ వింటే, దాన్ని తెలిసే అక్కడికి లాక్కెళ్లి తెలిసే వెనక్కి తెచ్చాడని తేలింది.

‘జంబోన్’, ‘అవుట్‌లయర్’ పాటల గురించి నేను ఎక్కువ చెప్పలేను. రెండూ చక్కగా వాయించినవే, నిర్మాణంలో తెలివి ఉన్నవే. కానీ పదేళ్లలో వాటి కోసమని ఆల్బమ్ పెట్టిన రోజు ఒక్కటీ లేదు. ‘టియో మకాకో’లో తాళవాద్యాలు ముందుకు వచ్చి లాటిన్ అమెరికా వీధి పండుగలోని ఉల్లాసాన్ని గదిలోకి తెస్తాయి. మా ఇంట్లో చిన్నపిల్లలకు నచ్చిన పాట ఇదొక్కటే. అది మొదలైతే వంటింట్లో గిన్నెల మీద కూడా దరువు మొదలవుతుంది.

‘కైట్’ వేరు. ఇందులో ఎవరూ గొంతు పెంచరు. ఈ పాటను మంచి హెడ్‌ఫోన్లలో, ఊరు నిద్రపోయాక వినాలి. బాకాలు ఎత్తుకునే ముందు ఊపిరి తీసుకోవడం తెలుస్తుంది. తాళవాద్యకారుడు ఏదో గింజల వాద్యాన్ని అతి నెమ్మదిగా కదిలిస్తాడు. ఆ శబ్దం ధాన్యాన్ని చేటలో చెరిగినప్పుడు వచ్చే శబ్దంలా ఉంటుంది, ఎడమ చెవి వైపు కొంచెం వెనకగా. సిటీ బస్సులో ఇయర్‌ఫోన్లతో విన్న మూడేళ్లలో ఆ శబ్దం ఉందనే నాకు తెలియదు. కొత్త హెడ్‌ఫోన్లు పెట్టుకున్న మొదటి రాత్రి అది వినిపించి, ఇంట్లో ఎవరో నిజంగా ఏదో చెరుగుతున్నారేమోనని హెడ్‌ఫోన్లు తీసి చూశాను. ఆ గదిలో కూర్చున్న శ్రోతలు అంత చిన్న శబ్దాన్ని వినగలిగారు కాబట్టే, వాయించేవాడు అంత చిన్నగా వాయించడానికి సాహసించాడని నాకు అనిపిస్తుంది. వెయ్యిమంది నిలబడి ఉన్న సభలో ఎవరూ ఆ పని చేయరు. చేసినా ప్రయోజనం లేదు. హెడ్‌ఫోన్లు రికార్డింగు ఇంజినీరుకు వాద్యాలను విడదీసి ఇవ్వడమే కాక, కళాకారులకు మెల్లగా వాయించే ధైర్యాన్ని కూడా ఇచ్చాయి. ఈ ఆల్బమ్‌లో నేను అన్నిటికంటే ఎక్కువగా మెచ్చేది ఈ గుణాన్నే.

ఇక చివరి పాట ‘లింగస్’. ఈ బృందం పేరు విన్న ప్రతివారూ ముందు చూసిన వీడియో ఇదే కావచ్చు. పది నిమిషాలు దాటిన ఈ పాటలో కోరీ హెన్రీ వాయించిన కీబోర్డు సోలో ప్రపంచమంతా తిరిగింది. నేను దాన్ని తక్కువ చేయను. ఒక చిన్న స్వరగుచ్ఛాన్ని పట్టుకుని, దాన్ని తిప్పి, విరిచి, పాట ఉన్న శ్రుతి నుంచి బయటికి నడిపించి, ఇక రాలేడు అనుకున్న క్షణంలో ఇంటికి తీసుకొచ్చే ఆ నేర్పు ఎన్నిసార్లు విన్నా తరగదు. వీడియోలో తోటి కీబోర్డు కళాకారుల ముఖాల మీద విస్మయం, నవ్వు ఒకేసారి కనిపిస్తాయి. వాళ్లు కూడా దాన్ని మనతోపాటే మొదటిసారి వింటున్నారు. కానీ ఇన్నేళ్ల తరువాత నా చెవి ఆ సోలో కిందికి వెళ్తోంది. హెన్రీ శ్రుతి దాటి వెళ్లినప్పుడు లీగ్ బేస్ మీద కంగారు పడడు, వెంట పరుగెత్తడు. అదే నడకను, అదే బరువుతో, గుంజలా నిలబెడతాడు. గుంజ కదలదు కాబట్టే తాడు అంత దూరం సాగింది. సోలోను మెచ్చుకుంటూ మాట్లాడేవాళ్లెవరూ ఆ గుంజ మాట ఎత్తకపోవడం నాకు బాధగా ఉంటుంది.

‘లింగస్’ మొదటి భాగం ఐదు అక్షరాల లెక్కలో నడుస్తుంది. ఈ సంగతి నాకు మా మేనమామ వల్ల తెలిసింది. ఆయన చిన్నప్పుడు మృదంగం నేర్చుకున్నారు. ఉద్యోగం వచ్చాక కచేరీలు మానేశారు గానీ చేతులు ఊరుకోవు. ఒక సంక్రాంతికి మా ఇంటికి వచ్చినప్పుడు స్పీకర్లలో ఈ పాట మోగుతోంది. పేపరు చదువుతూనే తొడ మీద దరువు మొదలుపెట్టి, ఒక నిమిషం తరువాత పేపరు పక్కన పెట్టేశారు.

“ఏరా, ఇది ఐదులో ఉందేమిట్రా?”

“నాకు తెలియదు మావయ్యా. బాగుందని వింటున్నాను, అంతే.”

“బాగుండటం కాదురా, లెక్క చూడు. తక తకిట, తక తకిట అని నేను పట్టుకుంటుంటే వీళ్ల ఊనిక వేరే చోట పడుతోంది. మళ్లీ మొదటి నుంచి పెట్టు.”

మళ్లీ పెట్టాను. ఖండ చాపులోని రెండు, మూడు విభజనను వదిలిపెట్టి, ఐదు సమానమైన దెబ్బలుగా వేలితో వేసుకుంటూ పోతే అప్పుడు కుదిరింది. ఆయన ముఖం విప్పారింది. ఆ పూట భోజనాల వేళ దాటిపోయే దాకా ఆ ఒక్క పాటనే ఐదారుసార్లు విన్నాం. పాట మధ్యలో నడక మారినప్పుడు ఆయన చెయ్యి గాలిలో ఆగి, మళ్లీ చోటు వెతుక్కుని దిగడం నాకు ఇప్పటికీ కళ్లకు కట్టినట్టు ఉంది. ఆయనకు బాకాల శబ్దం నచ్చలేదు. “పెళ్లి బ్యాండులా మరీ దగ్గరగా ఊదుతున్నారు” అన్నారు. డ్రమ్మరును మాత్రం పేరు అడిగి రాసుకున్నారు.

ఆయన మాటలో ఉన్న నిజం నుంచే లోపాల సంగతి మొదలుపెడతాను. ఈ ఆల్బమ్ శబ్దం మధ్య స్థాయిలో కిక్కిరిసి ఉంటుంది. బాకాలు, మూడు గిటార్లు, అన్ని కీబోర్డులూ దాదాపు ఒకే ఎత్తులో చోటు కోసం పోటీ పడతాయి. పాట ఉచ్ఛస్థితికి చేరినప్పుడు ఏ గిటారు ఎవరిదో, ఏ కీబోర్డు ఏదో విడదీయడం పదేళ్ల సాధన తరువాత కూడా నాకు కష్టమే. స్పీకర్లలో కొంచెం గట్టిగా పెడితే ట్రంపెట్ల అంచు చెవిని కోస్తుంది. నేను ఎప్పుడూ మూడో వంతుకు మించి శబ్దం పెంచను. ఈ ఆల్బమ్‌కు అదే సరైన కొలత అని నా అనుభవం.

రెండో లోపం నిర్మాణానిది. చాలా పాటలు ఒకే తీరులో ఎదుగుతాయి: చిన్న వాక్యంతో మొదలై, పొర మీద పొర చేరి, ఒక సోలో, ఆ తరువాత అందరూ కలిసి ఎత్తే ఒక పెద్ద అల. ఒక్కొక్క పాటగా వింటే ఆ అల ఒళ్లు పులకరింపజేస్తుంది. ఎనిమిదీ వరుసగా వింటే ఆరో అల వచ్చేసరికి అది వస్తుందని ముందే తెలిసిపోతుంది. కొత్తగా వినేవారు రోజుకు రెండు పాటల చొప్పున వినడం మేలు.

మూడోది, కొందరికి లోపం కాకపోవచ్చు, గొంతు లేకపోవడం. సోల్ సంగీతమంటే ముందు మనిషి గొంతే. ఆ కొరత తీరాలంటే ఇదే బృందం 2013లో విడుదల చేసిన ‘ఫ్యామిలీ డిన్నర్ – వాల్యూమ్ వన్’ వినాలి. వర్జీనియా రాష్ట్రంలో రోనోక్ నగరంలోని జెఫర్సన్ సెంటర్‌లో, ఒక్కో పాటకు ఒక్కో గాయకుణ్ణి పిలిచి, అది కూడా ప్రేక్షకుల ముందే రికార్డు చేశారు. అందులో లేలా హాథవే పాడిన ‘సమ్‌థింగ్’ పాటకు 2014లో గ్రామీ పురస్కారం వచ్చింది. ఆమె ప్రసిద్ధ సోల్ గాయకుడు డానీ హాథవే కుమార్తె. ఆ పాటలో ఒక చోట ఆమె ఒకే గొంతులో ఒకేసారి ఒకటికి మించిన స్వరాలు పలికిస్తుంది. అది విన్న వాద్యకారులు తమను తాము మరిచిపోయి ఆశ్చర్యపోవడం ఆ వీడియోలో కనిపిస్తుంది. ఆ ఆల్బమ్‌లో గొప్ప క్షణాలు ఎక్కువ. ‘వీ లైక్ ఇట్ హియర్’లో గొప్ప అల్లిక ఎక్కువ. ఒక్కటే కొనగలిగితే నేను రెండోదే కొంటాను, ఎందుకంటే క్షణాలు గుర్తుండిపోతాయి గానీ అల్లికను మళ్లీ మళ్లీ విప్పి చూసుకోవచ్చు.

వినే సాధనాల గురించి కూడా నా అనుభవం చెప్పాలి, ఎందుకంటే ఈ ఆల్బమ్ విషయంలో అది సంగీతానికి సంబంధించిన విషయమే. ఫోన్‌లో ఒక యాప్ ద్వారా విన్న రోజుల్లో పాటకూ పాటకూ మధ్య చిన్న ఖాళీ వచ్చేది. చప్పట్లు సగంలో తెగి, నిశ్శబ్దం పడి, తరువాతి పాట ఊడిపడినట్టు మొదలయ్యేది. గది గాలి అలా తెగిపోవడం నాకు మొదట్లో పెద్దగా పట్టలేదు. పూర్తి నాణ్యత గల ఫైళ్లను కొని ఖాళీ లేకుండా విన్న తరువాతే, చప్పట్ల తరువాత వచ్చే ఆ రెండు మూడు క్షణాల నిట్టూర్పు, ఎవరో కుర్చీ సర్దుకున్న చప్పుడు కూడా ఆల్బమ్‌లో భాగమేనని తెలిసింది. కొనదలచినవారికి నా సలహా ఒక్కటే: ఖరీదైన సాధనం అక్కర్లేదు, బేస్‌ను ఉబ్బించి చూపని హెడ్‌ఫోన్లు చాలు. బేస్‌ను కృత్రిమంగా పెంచే రకం హెడ్‌ఫోన్లలో లీగ్ తీగను వదిలిన క్షణం వినిపించదు, మోగిన క్షణమే వినిపిస్తుంది. ఫంక్‌లో తీగను ఎప్పుడు మీటాడో ఎంత ముఖ్యమో, ఎప్పుడు వేలు పెట్టి ఆపాడో అంత ముఖ్యం. ఆ ఆపడంలోనే నడక ఉంది.

వీడియో చూడాలా, వట్టి శబ్దం వినాలా అన్న ప్రశ్నకు నా జవాబు ఏళ్లు గడిచేకొద్దీ మారింది. మొదట్లో వీడియో లేకుండా వింటే ఏదో పోయినట్టు ఉండేది. ఎవరు వాయిస్తున్నారో తెలియక చెవి తడబడేది. ఇప్పుడు వీడియో చూస్తే నా కన్ను సోలో వాయించేవాణ్ణే చూస్తుంది, దానితో నా చెవి కూడా వాణ్ణే వింటుంది. కెమెరా చూపని మూల నుంచి వచ్చే చిన్న గిటారు తునకలు అప్పుడు నాకు అందవు. కాబట్టి ముందు ఒకసారి చూసి, ముఖాలనూ వాద్యాలనూ కలిపి గుర్తుపెట్టుకుని, ఆ తరువాత కళ్లు మూసుకుని వినడమే మంచి పద్ధతి.

అదే బృందం తరువాత చేసిన పని కూడా వింటూ వచ్చాను. 2016లో వచ్చిన ‘కల్చా వల్చా’ శ్రోతలు లేకుండా స్టూడియోలో పొరలు పొరలుగా చేసినది. శబ్దంలో అది దీనికంటే నునుపైనది, ఏర్పాటులో లోతైనది, దానికీ గ్రామీ వచ్చింది. అయినా దాన్ని నేను ఏడాదికి రెండుసార్లకు మించి వినను. 2022లో మళ్లీ డల్లాస్‌కు తిరిగి వెళ్లి, శ్రోతల ముందు ‘ఎంపైర్ సెంట్రల్’ రికార్డు చేశారు. తమకు ఫంక్ నేర్పిన ఊరికి, మనుషులకు కట్నం చదివించుకున్నట్టు ఉంటుంది ఆ ఆల్బమ్. అందులో ఒక పాటకు బెర్నార్డ్ రైట్ స్వయంగా వచ్చి వాయించారు. ఆల్బమ్ విడుదల కాకముందే, అదే ఏడాది మే నెలలో ఆయన కన్నుమూశారు.

ఇంతవరకు చెప్పకుండా దాచుకున్న పాట ఒకటి ఉంది: మూడోది, ‘స్లీపర్’. మొదట్లో నేను దీన్ని దాటవేసేవాణ్ణి. నిదానంగా నడుస్తుంది, ఏమీ జరగనట్టే ఉంటుంది. ఇందులో షాన్ మార్టిన్ టాక్‌బాక్స్ వాయిస్తాడు. కీబోర్డు శబ్దాన్ని ఒక సన్నని ప్లాస్టిక్ గొట్టం గుండా నోట్లోకి పంపి, పెదవులతో, నాలుకతో ఆ శబ్దానికి అచ్చుల ఆకారం ఇచ్చి, ఎదురుగా ఉన్న మైకులోకి వదిలే సాధనం అది. 1980లలో జాప్ బృందపు రోజర్ ట్రౌట్‌మన్ దాన్ని ఫంక్ సంగీతంలో ఇంటింటి శబ్దం చేశాడు. దానిలో ఉన్న ఇబ్బంది ఏమిటంటే, తమాషా చేయడం తేలిక, ఏడ్పించడం చాలా కష్టం. మార్టిన్ తమాషా జోలికి పోడు. గాయకుడు లేని ఈ ఆల్బమ్‌లో మనిషి గొంతుకు అతి దగ్గరగా వచ్చే శబ్దం ఇదే. మాటలు లేవు గానీ, మాట రాబోయే ముందు నోరు తెరుచుకున్నట్టు ప్రతి స్వరం తెరుచుకుంటుంది. ఒక స్వరాన్ని నిలబెట్టి, మెల్లగా ‘ఓ’ నుంచి ‘ఆ’ వైపు తీసుకువెళ్తున్నప్పుడు వెనక డ్రమ్స్ దాదాపు ఆగినట్టు తగ్గుతాయి. గదిలో ఒక్కరూ కదలరు. ఆ తరువాత బాకాలు లేచినప్పుడు అది అల అని నాకు అనిపించదు, ఆ గొంతుకు బృందమంతా ఇచ్చిన జవాబు అనిపిస్తుంది.

షాన్ మార్టిన్ 2024 ఆగస్టులో మరణించారు. ఆ వార్త తెలిసిన రాత్రి హెడ్‌ఫోన్లు పెట్టుకుని ‘స్లీపర్’ ఒక్కటే విన్నాను. అప్పటి నుంచి ఆల్బమ్‌ను మొదటి పాటతో కాక ఈ పాటతో మొదలుపెడుతున్నాను. ఇది పూర్తయ్యాకే ‘షోఫుకాన్’కు వెనక్కి వెళ్తాను. నిన్న రాత్రి కూడా అలాగే విన్నాను. టాక్‌బాక్స్ గొట్టంలోంచి చివరి స్వరం వెళ్లిపోతున్నప్పుడు, దాని వెనకే ఒక చిన్న ఊపిరి వినిపించింది. ఇన్నేళ్లలో అది నాకు వినిపించడం ఇదే మొదటిసారి.